సెకురు మీద నింద

కబాలె బజారులో మందుల షాపు మీద ఒక గది ఉంది. తలుపుకి 'కరుహంగా, ప్రైవేటు పరిశోధన' అనే బోర్డు వేలాడుతుంటుంది. అందులో సగం అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. మళ్లీ రాయిద్దామని అసిస్టెంటు కెలెన్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "కష్టంలో ఉన్నవాళ్లు బోర్డు చదువుకుంటూ రారమ్మాయ్," అని కరుహంగా కొట్టిపారేశాడు. పోలీసు ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి, నెరిసిన గడ్డం, ఎప్పుడూ ఒకే గోధుమరంగు కోటు. కెలెన్‌కి ఆయన మాటంటే వేదం, బోర్డు విషయంలో తప్ప.

ఆ ఉదయం వచ్చినావిడ బోర్డు వైపు చూడనే లేదు. నల్ల శాలువా కప్పుకుని వచ్చి, కూర్చోమనకముందే కూర్చుంది. మొహం పక్కకి తిప్పుకుని మోచేతి మడతలో దగ్గింది. తర్వాత చెప్పింది.

"మా ఆయన్ని గొరిల్లా చంపిందంటున్నారు. చంపలేదు."

ఏడుపు లేదు, వణుకు లేదు. బజార్లో దుంపల ధర చెప్పినట్టు చెప్పింది. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్లని ఈ గదిలో కెలెన్ చాలామందిని చూసింది. గుండెలు బాదుకునేవాళ్లకి మంచినీళ్లిచ్చి ఓదార్చడం ఆమెకి తెలుసు. ఇలా రాయిలా కూర్చున్న మనిషిని ఏం చేయాలో తెలియలేదు.

ఆవిడ పేరు ప్రోవియా. ఊరు కిసోరో అవతల, అడవి అంచున. భర్త సెబత్వారే పార్కులో ట్రాకరు. అంటే టూరిస్టులకన్నా ముందు, తెల్లవారగానే అడవిలోకి వెళ్లి గొరిల్లాలు ఎక్కడున్నాయో ఆనవాలు పట్టే మనిషి.

"ఎవరంటున్నారమ్మా గొరిల్లా చంపిందని?" అన్నాడు కరుహంగా.

"అందరూ. పార్కువాళ్లు, ఊరివాళ్లు, మా చర్చి ఫాదరు కూడా. అది పడుకునే చోట దొరికాడు. తల వెనక పగిలింది. చుట్టూ చెట్లు విరిగిపోయి ఉన్నాయట. శనివారం సెకురుని కాల్చేస్తారు."

సెకురు అంటే తాత. ఆ గుంపుకి పెద్ద, వీపంతా తెల్లబడ్డ మగ గొరిల్లా.

"ఆ పేరు పెట్టింది మా ఆయనే," అంది ప్రోవియా. "నన్ను చేసుకోకముందునించీ దాని వెంట పడ్డాడు. అది పారిపోయేది, ఈయన వెళ్లి కూర్చునేవాడు. మనిషంటే దానికి బెదురు పోయేదాకా రోజూ అదే పని. నాకన్నా దానితోనే ఎక్కువ కాపురం చేశాడు."

"మీరు చూశారా దాన్ని?"

"నేనా? దాన్ని చూసేది విమానాలెక్కి వచ్చేవాళ్లు. మాకు దాని కబుర్లే."

"మరి అది చంపలేదని ఎలా అంటున్నారు?"

ఆవిడ శాలువా లోంచి ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టింది. అందులో నీలం రంగు మాస్కు ఉంది. "ఇది మొహాన ఉంది. ఇంటికి తెచ్చి దింపగానే, ఎవరో పరాయివాణ్ణి తెచ్చారనుకున్నా."

కెలెన్ మెల్లగా అంది. "గొరిల్లాల దగ్గరికెళ్తే మాస్కు పెట్టుకోవాలి కదమ్మా. మన జబ్బులు వాటికి అంటుకుంటాయని."

"టూరిస్టుల ముందు పెట్టుకునేవాడు. ఒక్కడే వెళ్తే జేబులోంచి తీసేవాడు కాదు. ఊపిరాడదనేవాడు." ఆవిడ మళ్లీ పక్కకి తిరిగి దగ్గింది.

కరుహంగా మాస్కుని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. చెవులకి తగిలించే తాళ్లు రెండిటికీ చిన్న ముడులున్నాయి. ఒక తాడుకి లోపలివైపు గోధుమరంగు మరక ఉంది, పైవైపు శుభ్రంగా ఉంది. బట్ట మీద చుక్క కూడా లేదు. తన మొహానికి పెట్టుకోబోతే చెవిదాకా అతి కష్టం మీద వచ్చింది.

"మీ ఆయనది చిన్న మొహమా?"

"గుమ్మడికాయంత తల. పార్కువాళ్లిచ్చే టోపీ ఏదీ పట్టేది కాదు." ఆవిడ శాలువా దగ్గరికి లాక్కుంది. "ఆయన పోయాడు, సరే. ఆయన పేరు చెప్పి దాన్నీ చంపితే, ఇన్నేళ్లూ ఆ మనిషి బతికి ఏం చేసినట్టయ్యా? అదొక్కటే నేను అడగడానికొచ్చా."

కరుహంగా కోటు తగిలించుకున్నాడు. ఆయన అలా మాట్లాడకుండా కోటు తగిలించుకున్నాడంటే కేసు ఒప్పుకున్నట్టే.

* * *

ప్రోవియా ఊళ్లో పొగమంచు ఇంకా విడవలేదు. జనం చేలల్లో ఉన్నారు, పలకరిస్తే తల ఊపుతున్నారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు, దుఃఖం లేదు. ఒక మనిషి పోయాడు, ఒక జంతువు పోబోతోంది, మధ్యలో బీన్సు కలుపు తీయాలి. అందరూ ఆ చివరి పని మీదే ఉన్నారు.

కోపంతో ఉన్నది ఒక్క బెనోన్. అతని అరటితోట సరిగ్గా అడవికి ఆనుకుని ఉంది. సెకురు గుంపు పోయిన నెల వచ్చి బోదెలు చీల్చి, లోపలి దూట తిని పోయింది. దాన్ని కాల్చాలని పార్కు దారికి అడ్డంగా ఊరివాళ్లని కూర్చోబెట్టింది అతనే.

"సెబత్వారేతో నీకు గొడవైందట?" అన్నాడు కరుహంగా.

"అవదా? 'నీ తాత నా తోట తిన్నాడు, పెళ్లిపిలుపు లేకుండానే' అన్నా. 'పళ్లు ముట్టలేదు కదా, మర్యాదస్తుడే' అన్నాడు. నవ్వాలా, ఏడవాలా? చెట్టే పోతే పళ్లెక్కడివి?"

"అతన్ని నువ్వే చంపి ఉండొచ్చు కదా?" కెలెన్ సూటిగా అడిగింది. ఆమె అనుమానమంతా అతని మీదే ఉంది.

బెనోన్ ఆమె వైపు జాలిగా చూశాడు. "నాకు పగ గొరిల్లా మీద తల్లీ. దాన్ని వదిలేసి దాని తాలూకు మనిషిని చంపుతానా? అంత తెలివితక్కువగా కనిపిస్తున్నానా?"

"మాస్కులున్నాయా నీ దగ్గర?" అన్నాడు కరుహంగా.

"కరోనా నాడే పెట్టుకోలేదు. అరటిచెట్లకి జలుబు చేస్తుందా?"

"ఆ పొద్దున ఏమైనా వినబడిందా?"

"దగ్గు. వానలు మొదలైనప్పటినించీ రోజూ ఉన్నదే. సెబత్వారే దగ్గే మాకు గడియారం. ఆ పొద్దున వాగు మీద దుంగల వంతెన దగ్గర దగ్గాడు, ఎవరితోనో మాట్లాడినట్టూ ఉంది. తర్వాత ఆగిపోయింది. వంతెన దాటాక గట్టెక్కేటప్పుడు ఇంకా ఎక్కువ రావాలి, రాలేదు. మందు పనిచేసిందనుకున్నా."

కరుహంగా తల ఊపి ముందుకి నడిచాడు. "ముజే, వాణ్ణి వదిలేశారేంటి?" అంది కెలెన్. పెద్దవాళ్లని ఆ ప్రాంతంలో ముజే అంటారు.

"నోరున్నవాడమ్మాయ్. కడుపులో ఏదైనా ఉంటే అక్కడ ఆగదు."

* * *

పార్కు ఆఫీసు దగ్గర వార్డెను అసీమ్వే వాళ్ల కోసం చూస్తోంది. చురుకైన మనిషే, కాని కళ్ల కింద నల్లటి చారలు పడ్డాయి. "నాకు మాత్రం ఇష్టమా? దారికడ్డంగా ఊరంతా కూర్చుంటే పైవాళ్లు ఇంకేం చేస్తారు? మనిషిని చంపిన జంతువన్నారు, కాల్చమన్నారు. కాలుస్తాను. తర్వాత నా సంగతి నాకే తెలీదు," అంది.

అడవిలోకి వాళ్లని తీసుకెళ్లడానికి గైడు ఎవరిస్ట్‌ని ఇచ్చింది. సన్నటి మనిషి, మెత్తని గొంతు. సెబత్వారే, అతనూ కుర్రతనం నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్లు. సెకురుని మనుషులకి అలవాటు చేసింది ఇద్దరూ కలిసే.

బయల్దేరేముందు ఎవరిస్ట్ ఇద్దరికీ మాస్కులిచ్చాడు. కెలెన్‌ది వదులైంది. "ఉండమ్మా," అని దగ్గరికొచ్చి, చెవుల దగ్గర తాళ్లకి చెరో ముడి వేసి సర్దాడు. ముడి వేసిన సంగతి అతను గమనించినట్టే లేదు. స్కూలు పిల్లకి జడ వేసే తల్లిలా, కళ్లు ఎక్కడో ఉన్నాయి, చేతులు పని చేస్తున్నాయి. కరుహంగాది బిగుతుగానే ఉంది. దానికీ ముడి వేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

వాగు దగ్గర వంతెన దాటి ఏటవాలు ఎక్కారు. ఎవరిస్ట్ నడుస్తూ అడిగినవన్నీ చెప్పాడు. గైడు అన్నాక ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా ఉండలేడు, నోరు అలా అలవాటు పడిపోతుంది.

"రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాయి?" అన్నాడు కరుహంగా.

"ఎక్కడ పొద్దుపోతే అక్కడ. ఏ రాత్రికా రాత్రి కొమ్మలు వంచి కొత్త పడక వేసుకుంటాయి. పేడ కూడా అందులోనే వేసి, దాని మీదే పడుకుంటాయి. అందుకే పడక పేడ అణిగిపోయి రొట్టెలా ఉంటుంది. పెద్దాయన పడకైతే తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉంటాయి."

"కోపమొచ్చి మీద పడితేనో?"

"అప్పుడు పల్చగా పోతాయి. ఆ వాసన ఒకసారి చూస్తే మర్చిపోలేం."

శవం దొరికిన చోట పొదలు నాలుగు వైపులా విరిగి వాడిపోయి ఉన్నాయి. గొరిల్లా పడకకి కాస్త దూరంలో, విరిగిన ఆకుల కింద కరుహంగా కర్రతో కదిపాడు. ఎండిన పేడ కనబడింది. రొట్టెలా అణిగి ఉంది, దానికి వెండి రంగు వెంట్రుకలు రెండు మూడు అంటుకున్నాయి. కెలెన్ చూసింది. ఎవరిస్ట్ కూడా చూశాడు, చూసి చెట్ల వైపు మొహం తిప్పుకున్నాడు.

కాస్త పైన కొమ్మలు కదిలాయి. ఎవరిస్ట్ గొంతు సవరించుకున్నట్టు లోపలినుంచి "హ్మ్... హ్మ్" అన్నాడు. పొదల వెనకనుంచి అదే చప్పుడు, ఇంకా లోతుగా, తిరిగొచ్చింది.

"మేమే, భయం లేదని చెప్పడం," అన్నాడు.

ఆకుల సందులోంచి ఒక నల్లటి మొహం వాళ్లని చూసింది. కోపం లేదు, ప్రేమ లేదు. వీధరుగు మీద కూర్చున్న ముసలాయన వచ్చేపోయేవాళ్లని చూసినట్టు చూసి, ఒక కాడ తుంచుకుని నమలసాగింది. శనివారం సంగతి దానికి తెలియదు. ఏదో అనిపించాలి కదా అని కెలెన్ తనలో తాను వెతుక్కుంది. ఏమీ అనిపించలేదు. ఈ ఊరి మొద్దుతనం తనకీ అంటుకున్నట్టుంది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం, టూరిస్టులకి రోజూ నియమాలు చెప్పే పాక కింద కరుహంగా అందరినీ కూర్చోబెట్టాడు. అసీమ్వే, బెనోన్, ప్రోవియా, ఎవరిస్ట్. తలుపు లేని ఆ పాకకి అటు అడవి, ఇటు ఊరు. కెలెన్ ప్రోవియా పక్కన కూర్చుంది.

"ఎవరిస్ట్, రోజూ చెప్పేవి ఒకసారి చెప్పు," అన్నాడు కరుహంగా.

ఎవరిస్ట్ లేచి అప్పజెప్పాడు. దగ్గరికెళ్లకూడదు. తినకూడదు. దగ్గొస్తే మొహం తిప్పుకుని మోచేతిలో దగ్గాలి. జలుబున్నవాళ్లు, జ్వరమున్నవాళ్లు అసలు రాకూడదు. చివరి మాట దగ్గర అతని గొంతు కొంచెం జారింది.

"బాగుంది. ఇప్పుడు బెనోన్‌కి మాస్కు పెట్టు. అతనికి అలవాటు లేదు."

"నాకెందుకు పెద్దాయనా ఈ కళ్లెం?" అన్నాడు బెనోన్, అయినా మొహం చాచాడు. బెనోన్‌ది వెడల్పు మొహం. ఎవరిస్ట్ తాళ్లు చెవులకి తగిలించాడు. తగిలించి, కుడివైపు ఒక ముడి, ఎడమవైపు ఒక ముడి వేశాడు. బెనోన్ అబ్బా అన్నాక, తన వేళ్లు ఏం చేశాయో చూసుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

కరుహంగా ప్లాస్టిక్ సంచి తీసి బల్ల మీద పెట్టాడు. లోపలి మాస్కుకున్న ముడులు అందరికీ కనిపించాయి.

"నిన్న ఇక్కడి గైడ్లందరి చేతా మాస్కు పెట్టించుకున్నాను. ముడి వేసినవాళ్లు ఒక్కరూ లేరు," అన్నాడు. "సెబత్వారే ఈ అడవిలో చావలేదు. దగ్గు వంతెన దగ్గరే ఆగింది, ఆ గొంతుకి గట్టు ఎక్కే అవసరం రాలేదు. గొరిల్లాలు లేచిపోయిన పడక దగ్గరికి అతన్ని మోసుకొచ్చారు. పొదలు విరిచారు, పడకలో పేడ తెచ్చి చల్లారు. మీద పడ్డ గొరిల్లా రొట్టెలా అణిగిన పేడ వేయదు. ఆ సంగతి నాకు చెప్పింది ఎవరిస్టే. అబద్ధం చెప్పొచ్చు కదా? గొరిల్లా గురించి అతను అబద్ధం చెప్పలేడు."

"మాస్కు దొంగిలించి ఎవరైనా..." అసీమ్వే మొదలుపెట్టింది.

"మాస్కు చచ్చాక పెట్టారు మేడమ్. తల పగిలి చెవి వెనక్కి రక్తం కారింది. తాడు ఆ రక్తం మీద పడింది, అందుకే మరక లోపలివైపే ఉంది. నన్ను చాలాసేపు సతాయించింది ఈ ప్రశ్నే. శవానికి మాస్కు ఎందుకు? చంపినవాడికి దానివల్ల లాభం లేదు, నష్టమే. లాభం ఒక్కరికే ఉంది." ఆయన అడవి వైపు చూశాడు. "వానాకాలమంతా దగ్గిన మనిషి శవాన్ని సెకురు పడుకునే చోటికి మోసుకెళ్తున్నాడు. మనిషిని చంపగలిగాడు గానీ, ఆ మొహాన్ని మాస్కు లేకుండా అక్కడ దింపలేకపోయాడు. ఈ చుట్టుపక్కల అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు."

ఎవరిస్ట్ బెంచీ మీద కూర్చున్నాడు. అతను కాదనలేదు. మాట్లాడినప్పుడు అదే మెత్తని గొంతు, టూరిస్టులకి చెట్ల పేర్లు చెప్పే గొంతు.

"ఆస్పత్రికెళ్లమన్నా. వెళ్తే టీబీ అంటారు, అడవిలోకి రానివ్వరు అన్నాడు. మేడమ్‌కి చెబుతానంటే కాళ్లు పట్టుకున్నాడు. దానికి అంటుకుంటే గుంపు గుంపంతా పోతుందిరా అన్నా. ఆ పొద్దున వంతెన మీద అడ్డంగా నిలబడ్డా. 'నా పిల్లాడి దగ్గరికి నన్ను వెళ్లొద్దనడానికి నువ్వెవడివి' అని నన్ను నెట్టేసి ముందుకెళ్లాడు. వెనకనించి కొట్టాను. చేతిలో కర్ర ఉంది. వాడు ఆగితే చాలనుకున్నా."

"దాని మీదికి ఎందుకు నెట్టావయ్యా?" అన్నాడు బెనోన్. అంతసేపూ అతను మాస్కు తీయడం మర్చిపోయాడు.

"గొరిల్లాని ఎవరు కాలుస్తారు? కొన్నాళ్లు టూరిస్టుల్ని ఆపేస్తారు, దానికీ కాస్త విశ్రాంతి అనుకున్నా. కాలుస్తారని తెలిశాక రోజూ చెబుదామనే వచ్చా. నోరు రాలేదు. రేపు తుపాకీ ఎత్తాక వచ్చేదేమో. తెలీదు."

పాక మీద వాన సన్నగా మొదలైంది. ప్రోవియా అతని వైపు తిరిగింది.

"మాస్కు పెట్టేటప్పుడు ఊపిరుందా?"

"లేదు వదినా."

"సరే," అంది ఆవిడ. మాస్కులో ఊపిరాడదనేవాడు కదా, అదొక్కటే తెలుసుకోవాలనుకున్నట్టుంది.

అసీమ్వే ఫోను తీసుకుని వాన్లోకి వెళ్లి గట్టిగా మాట్లాడింది. శనివారం తుపాకులు రావక్కర్లేదు. రేంజర్లు ఇద్దరు వచ్చి ఎవరిస్ట్‌ని తీసుకెళ్లారు. వెళ్తూ అతను గుమ్మం దగ్గర ఆగి, కొత్తగా వచ్చే గైడుకి సెకురు ఎడమ చెయ్యి నొప్పిగా ఉందని చెప్పమన్నాడు. ఎవరితో చెబుతున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. రేంజర్లలో ఒకతను రాసుకుంటానన్నాడు.

వార్డెను తిరిగొచ్చి ప్రోవియా ముందు నిలబడింది. "అమ్మా, దాన్ని మీరే బతికించారు. రేపు పొద్దున నేనే మిమ్మల్ని తీసుకెళ్తాను. ఒక్కసారి కళ్లారా చూద్దురుగాని. సెబత్వారే ఉంటే సంతోషించేవాడు."

కెలెన్ ఆవిడ మొహం వైపు చూసింది. ఆ రాయి మీద ఏదో కదిలింది. కిసోరో సంతకి తప్ప ఎక్కడికీ వెళ్లని మనిషి, పెళ్లైన నాటినుంచి కబుర్లలో తప్ప చూడని దాన్ని చూడబోతోంది. ఆవిడ అడవి వైపు ఒకసారి చూసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"వద్దమ్మా," అంది చివరికి. "నాకూ దగ్గుంది కదా."

"మందులు వాడి, తగ్గాక..."

"తగ్గాక చూద్దాం. ముందు ఆస్పత్రికి వెళ్లాలట, ముజే చెప్పారు." శాలువా సర్దుకుని లేచింది. కరుహంగాకి, కెలెన్‌కి చేతులు కలిపి తల వంచింది.

పాక మెట్ల దగ్గర కెలెన్‌కి కళ్లు మండాయి. ఇన్నాళ్లకి వచ్చిన ఆ మంటని ఆమె తుడుచుకోలేదు. కరుహంగా చూసి కూడా చూడనట్టు కోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

ప్రోవియా వాన్లో ఊరి బాట పట్టింది. కొంతదూరం పోయాక దగ్గు తెర వచ్చి ఆగింది. బాటకి ఎడమవైపు అడవి, కుడివైపు బెనోన్ అరటితోట. సెకురు ఉండే చోటు అక్కడికి చాలా దూరం. అయినా ఆవిడ తోట వైపుకి మొహం తిప్పుకుని, మోచేతిలో దగ్గి, మళ్లీ నడిచింది.